విప్పి చూసిన నాయుడుగారు

మా వైపు రైతును కోయంబత్తూరు ఎక్కడుందని అడిగితే సరిగ్గా చెప్పలేకపోవచ్చు గాని, కోయంబత్తూరు మోటారు ఎట్లాంటిదని అడిగితే అరుగు మీద కూచోబెట్టి గంటసేపు చెబుతాడు. కాలువ నీరు అందని రోజుల్లో మోటారు పెట్టి చేలు తడుపుకోవడం మా పొన్నూరు పొలాల్లో కొత్తేమీ కాదు. ఆ మోటార్ల మీద రేకుపై అచ్చుపోసిన ఊరి పేరు చూస్తూ పెరిగినవాణ్ణి నేను. ఆ ఊరికి అంత పేరు రావడానికి కారకులైన తొలి తరం వాళ్ళలో ఒకాయన తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టాడనీ, ఆయన చదువు ప్రాథమిక విద్య దాటలేదనీ డిగ్రీ రెండో ఏడు దాకా నాకు తెలియదు. ఆయన పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. లోకానికి జి.డి. నాయుడుగా తెలుసు.

ఆయన జీవితం రాయమని సంచిక సంపాదకవర్గం నన్ను అడగలేదు. నేనే రాస్తానని వెంటబడ్డాను. అందుకు కారణం మా ఇంట్లో అర్ధరాత్రి మోగిన దొంగల అలారం. ముందు దాని సంగతి చెబితే గాని నాయుడుగారు నాకేమవుతారో మీకు తెలియదు.

ధాన్యం ఆరబోసిన రోజుల్లో మా నాన్నా, బాబాయీ రాత్రిళ్ళు కల్లంలోనే కాపలా పడుకుంటారు. నేను హాస్టల్లో ఉంటాను. ఇంట్లో మా అమ్మ, నాయనమ్మ ఇద్దరే. మూడేళ్ళ క్రితం అట్లాంటి ఒక రాత్రి వెనక తలుపు గడియ తప్పించి ఎవరో లోపలికొచ్చారు. పోయినవి పెద్దవేం కావు, రెండు ఇత్తడి బిందెలు, ఒక కొత్త తాడు, బీరువా మీద పెట్టిన కొంత డబ్బు. కానీ ఆ రాత్రి నుంచి నాయనమ్మకు నిద్ర పోయింది. అందుకే నాన్న అప్పు చేసినంత పని చేసి అలారం పెట్టించాడు. రెండేళ్ళు బాగానే ఉంది. పోయిన శీతాకాలంలో మంచు పడ్డం మొదలైన దగ్గర్నుంచి తెల్లవారుజామున దానంతటదే మోగడం మొదలెట్టింది. మొదటి రాత్రి వీధంతా కర్రలు పట్టుకుని వచ్చింది. రెండోసారి ఎదురింటి బాబాయి ఒక్కడే వచ్చాడు. నాలుగోసారి ఎవరూ రాలేదు. పిల్లి అయ్యుంటుందని నాన్న, తాతయ్య తిరుగుతున్నాడని నాయనమ్మ. బాగుచేయడానికి వచ్చినాయన మూతైనా తీయకుండా పెట్టె మొత్తం మార్చాలన్నాడు. ఆ వారమే నాన్న దాని ప్లగ్గు పీకి, బ్యాటరీ తీగ ఊడదీసి, కల్లానికి వెళ్ళిపోయాడు. సంక్రాంతికి నేను ఇంటికి వెళ్ళినప్పుడు నాన్న నన్నేమీ తిట్టలేదు. భౌతికశాస్త్రం చదువుతున్న కొడుకు ఇంట్లో ఉండగా ఆ పెట్టెలో ఏముందో చెప్పేవాడు లేకపోయాడని మాత్రం నాయనమ్మతో అన్నాడు. అది నాకు తగిలింది.

ప్రాక్టికల్స్ జరిగేటప్పుడు మా లెక్చరరుగారు ఒకసారి జి.డి. నాయుడు పేరు ప్రస్తావించి ఉన్నారు. ఆ రాత్రి అది గుర్తుకొచ్చింది.

నాయుడుగారు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కళంగల్ అనే పల్లెలో జన్మించారు. పసితనంలోనే తల్లిని పోగొట్టుకున్నారు. బడి ఆయనకు గిట్టలేదు, ఆయన బడికి గిట్టలేదు. పొలం పనుల్లో పడి తిరిగే ఆ కుర్రవాడు ఒకనాడు రెవెన్యూ శాఖ ఆంగ్లేయ అధికారి ఒకాయన నడుపుకొచ్చిన మోటారు సైకిలు చూశాడు. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి పోతోంది! చూసినవాళ్ళంతా ఆశ్చర్యపోయి ఊరుకున్నారు. ఈయన ఊరుకోలేదు. కోయంబత్తూరు వెళ్ళి ఒక హోటల్లో సర్వరుగా కుదిరి, కొన్నేళ్ళు పైసా పైసా కూడబెట్టి, మూడు వందల రూపాయలకు ఆ రడ్జ్ మోటారు సైకిలునే కొన్నాడు. కొన్నాక దాని మీద ఊరేగలేదు. ఇంటికి తెచ్చి ఏ ముక్కకు ఆ ముక్క విప్పేశాడు. మళ్ళీ బిగించాడు. అక్కడితో ఆయన మెకానిక్ అయ్యాడు.

ఈ కథ చెప్పేవాళ్ళంతా విప్పడం దగ్గర ఆగి చప్పట్లు కొడతారు. నాకు మాత్రం బిగించడమే గొప్పగా కనిపిస్తుంది. విప్పడం మా తమ్ముడు కూడా విప్పుతాడు, మా ఇంట్లో రెండు రేడియోలు అట్లాగే పోయాయి. ఏది ఎక్కడ్నించి వచ్చిందో, ఎందుకు అక్కడ ఉందో తెలిసినవాడే తిరిగి బిగించగలడు. చదువు చెప్పేవాడు లేనప్పుడు యంత్రాన్నే పంతులు చేసుకోవాలన్న బుద్ధి ఆ పల్లెటూరి కుర్రవాడికి ఎట్లా పుట్టిందో!

ఆ ధైర్యంతోనే నేను అలారం పెట్టె మూత తీశాను. ముందుగా ప్లగ్గూ బ్యాటరీ రెండూ తగిలించి, అది మామూలుగా ఉన్న స్థితిలో చూద్దామనుకున్నాను. అది పొరపాటు. మూత కింద చిన్న స్విచ్ ఒకటుంటుంది, మూత లేపితే అదే దొంగతనంగా లెక్కవేసి సైరను కూస్తుంది. పట్టపగలు వీధంతా మళ్ళీ నవ్వుకుంది. ఆ తరువాత బుద్ధి తెచ్చుకుని మొదట ప్లగ్గు తీసి, తరువాత బ్యాటరీ తీగ తీసి, అప్పుడు లోపల చూశాను. పెట్టెలోకి వచ్చేది 230 వోల్టుల కరెంటు, ఆటలాడేది కాదు. ఏ తీగ ఎక్కడ బిగించి ఉందో కాగితం మీద బొమ్మ గీసుకుని, తీగలకు కాగితపు ముక్కలు కట్టి అంకెలు వేశాను.

లోపల పెద్ద మాయ ఏమీ లేదు. తలుపు చట్రంలో గాజు గొట్టం ఉంటుంది, దానిలో రెండు సన్నని ఇనుప రేకులు. దాన్ని రీడ్ స్విచ్ అంటారు. తలుపుకు చిన్న అయస్కాంతం. తలుపు మూసి ఉన్నంతసేపు అయస్కాంతం దగ్గరగా ఉండి రేకులు రెండూ అంటుకుని ఉంటాయి, కరెంటు వాటి గుండా పోతుంటుంది. తలుపు తెరిస్తే రేకులు విడిపోతాయి, వలయం తెగుతుంది, సైరను మోగుతుంది. మా ఇంట్లో రెండు తలుపులు, రెండు కిటికీలు కలిపి ఒకే వలయం. దీనిలోని తెలివి గమనించండి. కరెంటు రావడం వల్ల కాదు, కరెంటు ఆగడం వల్ల మోగుతుంది. దొంగ తీగ కత్తిరించినా మోగుతుంది. ఇంటికి విద్యుత్ అలారమన్నది కొత్త సంగతి కూడా కాదు, అమెరికాలో పోప్ అనే ఆయన 1853లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. కానీ ఈ తెలివికే ఇంకో వైపు ఉంది. తీగ దొంగ చేతిలో తెగినా, తుప్పు వల్ల తెగినా పెట్టెకు ఒకటే.

నాయుడుగారి దగ్గరికి వద్దాం. మోటారు సైకిలు తరువాత ఆయన పత్తి వ్యాపారంలో కొంత సంపాదించి, బొంబాయి వెళ్ళి అక్కడ పోగొట్టుకుని తిరిగొచ్చారు. స్టేన్స్ అనే ఆంగ్లేయ పారిశ్రామికుడి సాయంతో ఒక బస్సు కొని, 1920లో పొల్లాచి, పళని ఊళ్ళ మధ్య తానే నడపడం మొదలుపెట్టారు. ఆ ఒక్క బస్సే పెరిగి పెరిగి యు.ఎం.ఎస్. అనే పెద్ద రవాణా సంస్థ అయింది. వేళకు బయలుదేరి వేళకు చేరే బస్సులుగా వాటికి పేరు. మా వైపు ఇప్పటికీ బస్సు ఎప్పుడొస్తుందంటే వచ్చినప్పుడు వస్తుందంటాం కదా, నూరేళ్ళ క్రితం ఆ పట్టుదల ఊహించుకోండి. బస్సు వేళకు నడవాలంటే చెడ్డాక బాగుచేయడం చాలదు, చెడే ముందే కనిపెట్టాలి. ఇంజను అదురును పరీక్షించే సాధనం ఒకటి ఆయన తయారుచేశారంటే ఈ అవసరం నుంచే అయ్యుండాలని నా ఊహ.

ఆ తరువాత ఐరోపా తిరిగారు. 1936లో లండన్‌లో అయిదో జార్జి చక్రవర్తి అంత్యక్రియలను తన సొంత కెమెరాతో చిత్రీకరించారు. జర్మనీలో చిన్న మోటారుతో బ్యాటరీల మీద నడిచే గడ్డం గీసే యంత్రం తెచ్చారు, దాని పేరు రాసంట్. సన్నని షేవింగ్ బ్లేడులు, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, పండ్ల రసం తీసే యంత్రం, ఎవరూ తారుమారు చేయలేని వోటు యంత్రం, ఇట్లా ఆయన చేయి పెట్టని వస్తువు లేదు. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి పీళమేడులో విద్యుత్ మోటారు తయారుచేశారు. దేశంలో తయారైన మొదటి మోటారుగా దాన్నే చెబుతారు. 1941లో, రేడియో అంటే ధనవంతుల వస్తువైన కాలంలో, అయిదు వాల్వుల రేడియో సెట్టు డెబ్బయి రూపాయలకు ఇవ్వగలనని ప్రకటించారు.

ఆ వోటు యంత్రం సంగతి చదివినప్పుడు నాకు అలారమే గుర్తుకొచ్చింది. ఎవరైనా చేయి పెడితే చేయి పెట్టినట్టు తెలియాలి, రెంటికీ కావలసింది అదే. దొంగ ఎట్లా ఆలోచిస్తాడో తెలియనివాడు ఈ రెండింటిలో ఏదీ తయారుచేయలేడు.

మా పెట్టె దగ్గర నేను చేసిన మొదటి పని, అంతా ఒకేసారి వెతక్కుండా సగానికి కోయడం. వలయం తీగలు రెండూ పెట్టెలోంచి విప్పి, వాటి స్థానంలో చిన్న రాగి ముక్క బిగించాను. ఇప్పుడు పెట్టెకు ఇల్లు లేనట్టే, తలుపులన్నీ ఎప్పుడూ మూసి ఉన్నట్టే. రెండు రాత్రులు అట్లా ఉంచాను, సైరను నోరెత్తలేదు. అంటే పెట్టె మంచిదే. మార్చాలన్న పెట్టె! దోషం తీగల్లోనో స్విచ్చుల్లోనో ఉంది. కాలేజీ ల్యాబు నుంచి లెక్చరరుగారి అనుమతితో తెచ్చుకున్న మల్టీమీటరుతో వలయం నిరోధం చూశాను. సుమారు అరవై మీటర్ల సన్న రాగి తీగకు అయిదారు ఓములు రావాలి. మధ్యాహ్నం పూట ఇరవై చూపించింది. అప్పుడు వదిలేసి పడుకుని, తెల్లవారుజామున మంచులో లేచి మళ్ళీ చూశాను. రెండు వందలు దాటి, అంకె ఒకచోట నిలవకుండా ఊగుతోంది. నాయనమ్మ దీపం పట్టుకుని పక్కనే నిలబడింది. తాతయ్య కాదని అప్పుడే ఆమెకు నమ్మకం కుదిరింది.

తరువాత పని ఓపికదే. మీటరు తగిలించే ఉంచి, ముందు వాకిలి నుంచి వరుసగా ఒక్కొక్క స్విచ్చు రెండు కొసలూ తీగముక్కతో కలుపుతూ పోయాను. ఏ ముక్క దాటేస్తే అంకె పడిపోతుందో దోషం అక్కడుంటుంది. ముందు తలుపు, కిటికీలు మంచివే. వెనక తలుపు స్విచ్చు కూడా మంచిదే. చివరకు వెనక వసారాలో, దొడ్లోకి వెళ్ళే మలుపు దగ్గర, చూరు కింద తీగ అతుకు చేయి తగలగానే అంకె ఎగిరింది. టేపు విప్పితే లోపల రాగి ఆకుపచ్చగా చిలుం పట్టి ఉంది. పెట్టినవాళ్ళు తీగలు మెలిపెట్టి, టేపు చుట్టి వదిలేశారు, సోల్డరు చేయలేదు. రెండేళ్ళ వానకూ మంచుకూ అతుకు లోపల తుప్పు పొర పెరిగింది. పగలు ఎండకు ఆరి ఎట్లాగో పనిచేసేది, మంచు పడితే చలికి ముడుచుకుని వదులయ్యేది. అంతే. ఆ రెండు అంగుళాల తీగ మా వీధి నమ్మకాన్నంతా పోగొట్టింది.

తుప్పు పట్టిన మేర కత్తిరించి, మెరిసేదాకా గీకి, మెలిపెట్టి, సోల్డరు పెట్టి, గొట్టం తొడిగి, నీళ్ళు పడని చోటికి అతుకు జరిపాను. నిరోధం ఆరు ఓములకు దిగి నిలిచింది. ఒక దోషం దొరికింది కదా అని సంతోషంతో లేచిపోబోయి ఆగాను. బ్యాటరీ మిగిలింది. ఊరికే చూస్తే 12.5 వోల్టులు చూపించింది, మంచిదే అనుకుంటాం. ప్లగ్గు తీసి సైరను మోగనిస్తే అర నిమిషంలో తొమ్మిదికి పడిపోయింది. బరువెత్తితే గాని ఎద్దు బలం తెలియదు, బ్యాటరీదీ అదే సంగతి. కరెంటు పోయిన రాత్రి నిజంగా దొంగ వస్తే మా అలారం నాలుగు కూతలు కూసి ఆగిపోయేది. కొత్త బ్యాటరీకి తెనాలి వెళ్ళొచ్చాను.

నాయుడుగారికి విద్యార్థులతో ఉన్న సంబంధం చెప్పకపోతే ఈ వ్యాసం ఇక్కడ అచ్చు కానక్కర్లేదు. 1945లో ఆయన ధనసహాయంతో కోయంబత్తూరులో అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కళాశాల వెలిశాయి. ఆ కళాశాలే తరువాత వేరే చోటికి మారి ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయింది. మొదట అది ఉన్న ప్రాంతాన్ని జనం ఇప్పటికీ హోప్స్ అనే పిలుస్తారు. బడి చదువు దాటని మనిషి దానికి ప్రిన్సిపాల్ అయ్యాడు! అయితే నాలుగేళ్ళ కోర్సు అనవసరంగా కాలం వృథా చేయడమని ఆయన వాదం. చేతులతో పని చేయిస్తే అంతకంటే చాలా తక్కువ కాలంలో ఇంజనీర్లను తయారుచేయవచ్చన్నారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన పదవి వదిలేశారు.

ఈ విషయంలో నేను ఆయన్ను పూర్తిగా ఒప్పుకోలేను. అతుకు మీద తుప్పు ఎందుకు నిరోధమవుతుందో, రాగి చలికి ఎందుకు ముడుచుకుంటుందో నాకు చెప్పింది తరగతి గదే. కానీ ఓమ్ నియమం ఇంటర్మీడియట్ నుంచి నా నోట్సులో ఉంది, పరీక్షలో దాని మీద మార్కులూ వచ్చాయి. అయినా ఏడాది పాటు ఆ పెట్టె మా గోడ మీద తప్పుడు కూతలు కూస్తుంటే దాన్ని విప్పవచ్చనే ఆలోచన నాకు రాలేదు. ఆ లెక్కలో నాయుడుగారు అన్నదాంట్లో చాలా నిజముంది, ఒప్పుకోక తప్పదు.

స్వాతంత్ర్యం వచ్చాక ఆయనకు అంత సుఖం దొరకలేదు. 1952లో ఇద్దరు కూచునే చిన్న పెట్రోలు కారు తయారుచేశారు. ధర రెండు వేల రూపాయలే. దానికి ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. పన్నుల విధానం మీద కోపంతో తాను చేసిన పరికరాలను ఒకసారి జనం ఎదుట తానే పగలగొట్టించారు. ఈ ఘట్టాన్ని వీరగాథలా చెప్పేవాళ్ళున్నారు. నాకు మాత్రం అది చదివిన రోజు అన్నం సహించలేదు. ఏ యంత్రంలో ఏ అతుకు వదులైందో పసిగట్టగల మనిషి, దోషం లేని యంత్రాలను సుత్తితో కొట్టించుకోవాల్సి వచ్చింది. దోషం ఉన్నది ఆయన చేయి అందని చోట. విప్పి చూడ్డానికి దానికి మూత లేదు.

కానీ మట్టి మాత్రం ఆయన్ను వదల్లేదు, ఆయనా మట్టిని వదల్లేదు. పత్తి, బొప్పాయి మొక్కల మీద ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేశారు, పది అడుగుల ఎత్తు పత్తి మొక్కలు పెంచారు. సర్ సి.వి. రామన్ అంతటివారు ఆయన్ను మెచ్చుకున్నారు. 1974 జనవరి 4న నాయుడుగారు కన్నుమూశారు. ఆయన సేకరించిన, తయారుచేసిన యంత్రాలు కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద ప్రదర్శనశాలలో ఉన్నాయి. 2025 అక్టోబరులో అదే రోడ్డు మీద ప్రారంభించిన పది కిలోమీటర్ల పైవంతెనకు ఆయన పేరే పెట్టారు. వంతెన మీద పోయే కార్లలో ఆయన కారు లేదు.

మా అలారం ఈ శీతాకాలం ఒక్కసారీ తప్పుడుగా మోగలేదు. పెట్టె మూత లోపల వలయం బొమ్మ, చూసిన తేదీ, నిరోధం ఆరు ఓములని రాసి అంటించాను. కల్లానికి వెళ్ళే ముందు నాన్న టార్చి వేసి అది చదివి వెళుతున్నాడట. నాయనమ్మ పద్ధతి వేరు. రోజూ దీపాలు పెట్టే వేళకు ఎదురింటి బాబాయికి కేకేసి చెప్పి, వెనక తలుపు ఒక్కసారి తానే తెరిచి, అది కూయగానే మూసి, గడియ వేసుకుంటుంది.